ఓట్లు సమానం: టాస్ వెయ్యాలా, చీటీ తియ్యాలా? (పేర్లకు బదులు మాట్లాడేవారి పేటల పేర్లు)

గుణదల: మా అపార్ట్‌మెంట్ సంఘంలో కార్యదర్శి ఎన్నిక నువ్వా నేనా అన్నట్టు సాగి, ఇద్దరికీ సమానంగా ఓట్లొచ్చాయి. బైలాలో దీని ఊసే లేదు. పాత కార్యదర్శి తనే చీటీ తీస్తానంటున్నారు. ఏది న్యాయం?

అరండల్‌పేట: చీటీయే. టాస్‌లో నాణెం ఎగరేసేటప్పుడు పైనున్న వైపే మళ్ళీ పైకి పడటానికి మొగ్గు ఎక్కువ. 2023లో పరిశోధకులు 3,50,757 సార్లు ఎగరేస్తే 50.8 శాతం అలాగే పడింది. నాణెం గాల్లో తిన్నగా పల్టీలు కొట్టదు, కాస్త ఊగుతుంది. అందుకని మొదట పైనున్న వైపే ఎక్కువసేపు పైన ఉంటుంది.

సత్యనారాయణపురం: ఆ 0.8 పట్టుకుని వేలాడతారేంటండీ! ఏ వైపు పైనుందో బొమ్మా బొరుసా కోరుకునేవాళ్ళకి కనపడకపోతే ఆ మొగ్గు పనికిరాదు. బల్లమీద గిర్రున తిప్పడం మాత్రం వద్దు. మరి చీటీల సంగతో? 1969 డిసెంబరు 1న అమెరికాలో సైన్యంలోకి ఎవర్ని ముందు పిలవాలో తేల్చడానికి పుట్టినరోజుల లాటరీ తీశారు. ఒక్కో తేదీ పెట్టిన 366 గొట్టాలు సరిగ్గా కలపలేదు, డిసెంబరు తేదీలు ఎక్కువగా ముందే వచ్చాయి.

కొత్తపేట: ముందు చెల్లని ఓట్లు మళ్ళీ చూశారా?

అరండల్‌పేట: 366 ఎక్కడ, రెండెక్కడ? ఒకే కాగితాన్ని రెండు సమాన ముక్కలు చెయ్యండి. పేర్లు ఒకే పెన్నుతో, ఒకే మనిషి రాసి, మడతలు కూడా తనే పెట్టాలి. గట్టిగా నొక్కి రాస్తే అక్షరం వెనక్కి తేలి వేలికి తగులుతుంది, జాగ్రత్త. తీసింది చదివాక మిగిలింది కూడా విప్పి చూపించాలి. రెండింట్లోనూ ఒకే పేరు రాసుంటే అక్కడే దొరికిపోతారు. ఎమ్మెల్యే ఎన్నికలోనూ 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్ ప్రకారం లాటరీయే. పేరొచ్చినవారికి ఒక ఓటు కలిసినట్టు లెక్క.

సత్యనారాయణపురం: చట్టం మాకూ తెలుసు. అక్కడ తీయించేది ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారి. ఇక్కడ డబ్బాలో చెయ్యి పెట్టేదెవరు? పాత కార్యదర్శి! ఆయన ఎవరివైపో ఆ ఫ్లాట్లలో తెలియనివాళ్ళుంటారా?

అరండల్‌పేట: అంటే మీ గొడవ చీటీతో కాదు, ఆయనతో. ఇంతసేపూ గొట్టాలంటూ తిప్పారు.

సత్యనారాయణపురం: అవును, ఆయనతోనే. పోటీలో ఒకరి పక్షాన ఉన్న మనిషి ఎలా తీస్తాడండీ? టాస్ అయితే నలుగురి కళ్ళముందే పడుతుంది.

అరండల్‌పేట: ఆయన్ని పక్కన పెట్టండి. ఒక అభ్యర్థి డబ్బా పట్టుకుంటారు, రెండో అభ్యర్థి తీస్తారు.

సత్యనారాయణపురం: అలాగైతే నాకు పేచీ లేదు. ఫలితానికి కట్టుబడతామని చీటీ తీయకముందే ఇద్దరూ మినిట్స్ పుస్తకంలో సంతకం పెట్టాలి.

గుణదల: పాత కార్యదర్శిని ఎలా ఒప్పించాలి?

కొత్తపేట: ఓట్లు మళ్ళీ లెక్కపెట్టారా, చెప్పరేం?