పిల్లలకు ముందు సరళీ స్వరాలా, పాటలా?

సత్యనారాయణపురం అమ్మ:
మా పాపకు 7 ఏళ్లు. విజయదశమికి కర్ణాటక సంగీతంలో చేర్పించాం. సరిగమలను వరుసగా పాడే తొలి పాఠాలు, అదే సరళీ స్వరాలు అయ్యాయి. ఎనిమిది నెలలైనా ఇంకా జంట స్వరాల (స్వరాన్ని రెండేసిసార్లు పాడే పాఠాలు) దగ్గరే ఉంది. వాటి తర్వాత వచ్చే అలంకారాలు (రకరకాల తాళాల్లో స్వర పాఠాలు) అయ్యేదాకా పాట మాటెత్తొద్దంటారు మేడమ్. పక్కింటి పిల్ల వేరేచోట చేరి నాలుగు నెలలకే మూడు అన్నమయ్య కీర్తనలు పాడేస్తోంది. మా అత్తగారు రోజూ ఆ పిల్లతోనే పోలిక. పాపేమో క్లాసు ఉన్న రోజు కడుపునొప్పి అంటోంది. ముందే పాటలు నేర్పేచోటికి మార్చమంటారా?

బ్రాడీపేట నాన్న:
మార్చేయండి. మాటలు వచ్చాకే కదా పిల్లలకు అఆలు దిద్దించేది? జపాన్‌లో సుజుకి గారు వయొలిన్ నేర్పిన పద్ధతీ ఇదే. ముందు వినాలి, విన్నది వాయించాలి, నొటేషన్ చదవడం ఆ తర్వాత. మాది గుంటూరు. మావాడికి కీబోర్డు ఇలాగే మొదలుపెట్టించాం. ఇప్పుడు అన్నానికి పిలిచినా లేవడు.

వీణతీగ:
నాన్నగారూ, సుజుకి పద్ధతి సగమే చెప్పారు. అందులో తల్లో తండ్రో క్లాసులో కూర్చోవాలి, ఇంట్లో దగ్గరుండి సాధన చేయించాలి, ఆ రికార్డింగు రోజూ ఇంట్లో మోగుతూ ఉండాలి. పిల్లల్ని గేటు దగ్గర దింపి వెళ్లిపోయేవాళ్లకు కుదిరే పని కాదు.

అమ్మా, నేను పిల్లలకు 22 ఏళ్లుగా చెబుతున్నాను. సరళీ స్వరాలు ఉత్త గొంతు కసరత్తు కాదు. పురందరదాసు వీటిని మాయామాళవగౌళలో పెట్టారంటారు. ఆ రాగంలో ఒక సుళువుంది. స నుంచి రి చిన్న అడుగు, రి నుంచి గ పెద్ద అంగ, గ నుంచి మ మళ్లీ చిన్న అడుగు. పదనిసలోనూ సరిగ్గా అవే దూరాలు. కింది సగం కుదిరితే పై సగం చెవికి దానంతటదే అందుతుంది. పాటలతో మొదలుపెట్టినవాళ్లు నా దగ్గరికీ వస్తుంటారు. సాహిత్యం గడగడా అప్పజెప్పేస్తారు. మధ్యలో ఆపి అక్కడున్నది ఏ స్వరమమ్మా అంటే తెల్లమొహమే. ఏ రాగం అనడిగితే పాట పేరు చెబుతారు.

బ్రాడీపేట నాన్న:
బాలమురళీకృష్ణ గారు 8 ఏళ్లకే మన విజయవాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేశారు. ఆయన్ని కూడా జంట స్వరాల దగ్గర ఎనిమిది నెలలు కూర్చోబెట్టారా?

వీణతీగ:
ఆయనకు గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. అలాంటి పిల్లాడు, అలాంటి గురువు దొరికితే మనకు ఈ చర్చే అక్కర్లేదు. ఆయన్ని కొలబద్దగా పెడితే మన పిల్లలెవరూ పనికిరారు.

మృదంగం:
మీరిద్దరూ తాళం సంగతే మరిచారు. మొదటి సరళీ వరుసలో ఆరోహణ, అవరోహణ కలిపి 16 స్వరాలు. ఆదితాళానికి 8 అక్షరాలు, అంటే 8 లెక్కలు. ఆ ఎనిమిదీ ఒక చుట్టు తిరిగితే ఒక ఆవర్తం. మొదటి కాలంలో, అంటే నెమ్మది వేగంలో, వరుస రెండు ఆవర్తాలు పడుతుంది, రెండో కాలంలో ఒకటి. మూడో కాలంలో అరావర్తానికే అయిపోతుంది కాబట్టి రెండుసార్లు పాడాలి. చెయ్యి వేగం మారకూడదు, నోరే మారాలి. చాలా క్లాసుల్లో నోటితోపాటు చెయ్యీ పరుగెడుతుంది, పట్టించుకునే నాథుడుండడు. అలా నేర్చుకున్నాక స్వరాలైతేనేం, పాటలైతేనేం?

పాత విద్యార్థిని:
నాదీ విజయవాడే. ఒక గదిలో 18 మందిమి, అందరం కలిసి ఒకేసారి పాడేవాళ్లం. గుంపులో నా అపశ్రుతి రెండేళ్లు ఎవరికీ వినపడలేదు, నాకైతే అసలే తెలియదు. వార్షికోత్సవం ముందు మాత్రం కనిపెట్టి, "నువ్వు కాస్త మెల్లగా పాడమ్మా" అన్నారు. ఆ తర్వాత నేను మళ్లీ వెళ్లలేదు. మార్చడం తర్వాత సంగతి అక్కా. మీ పాప క్లాసులో ఒంటరిగా ఎన్నిసార్లు పాడుతుందో ముందు అడగండి.

వీణతీగ:
ఈ మాట నిజం. ఇంకోటి కూడా ఒప్పుకుంటాను. పదేళ్ల కిందటైతే అలంకారాలు కాకుండా గీతం చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు జంట స్వరాలు సగమవగానే మలహరి రాగంలో మొదటి గీతం, అంటే సులువైన చిన్న పాట, అందుకుంటున్నాను. మలహరి మాయామాళవగౌళకు జన్యమే, అంటే దాన్నుంచి పుట్టిన రాగమే, అందులో ని కూడా ఉండదు. అన్నీ పిల్లకు తెలిసిన స్వరాలే. ఇంటికెళ్లి నాయనమ్మకు పాడి వినిపించుకోవడానికి ఒకటుంటుంది. మా గురువుగారు ఉంటే నన్ను చీల్చి చెండాడేవారు, అది వేరే విషయం.

సత్యనారాయణపురం అమ్మ:
పాపనే అడిగాను. క్లాసులో 14 మంది. ఈ ఎనిమిది నెలల్లో ఒక్కతే పాడింది రెండుసార్లు. కడుపునొప్పికి కారణం పాటలు రాకపోవడం కాదట. మూడో కాలంలో తను వెనకబడితే వెనక వరసవాళ్లు నవ్వుతారట. ఇన్నాళ్లూ చెప్పనే లేదు. పోలికలు ఆపమని అత్తగారికి చెప్పాను, ఎంతవరకు ఆపుతారో చూడాలి. శనివారం మేడమ్‌తో విడిగా మాట్లాడి, పాప చేత వారానికి ఒక్కసారైనా విడిగా పాడించమని అడుగుతాను. ఆ మలహరి గీతం సంగతి కూడా. మృదంగం గారూ, ఇంట్లో తాళం కోసం ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టొచ్చా?

మృదంగం:
ఇప్పుడే వద్దండీ. పాప పక్కన కూర్చుని మీరే వేయండి. మూడో కాలం ఒక నెల ఆపేసి, రెండో కాలంతోనే సరిపెట్టండి.

సత్యనారాయణపురం అమ్మ:
నాకు తాళం రాదే!

మృదంగం:
మరీ మంచిది. పాపనే నేర్పమనండి.