స్విచ్ 2 గేమ్-కీ కార్డులు కొనొచ్చా, వద్దా?

కాకినాడ_గేమర్: నింటెండో వాళ్ల గేమ్ మెషిన్ స్విచ్ 2 2025 జూన్ 5న వచ్చింది కదా. స్ట్రీట్ ఫైటర్ 6 ఆట డబ్బా మీద గేమ్-కీ కార్డు అని ఉంది, 50 జీబీ డౌన్‌లోడ్ అట. కార్డు కొన్నాక మళ్లీ డౌన్‌లోడ్ దేనికండీ?

పాత_క్యాట్రిడ్జి: కొనకండి. అందులో ఆట ఉండదు. మొదటిసారి నెట్ పెట్టి మొత్తం దించుకోవాలి. తర్వాత నెట్ అక్కర్లేదు గానీ, ఆడిన ప్రతిసారీ కార్డు లోపల ఉండాల్సిందే. అంటే డౌన్‌లోడ్ తిప్పలూ మనవే, కార్డు మార్చే తిప్పలూ మనవే. సైబర్‌పంక్ 2077 ఆటని 64 జీబీ కార్డులో మొత్తం ఇస్తున్నారుగా, 50 జీబీ ఆటకేం రోగం?

సిలికాన్_శీను: పెద్ద కార్డుకి ఖర్చెక్కువ, అంతే. మెషిన్ లోపల 256 జీబీ స్టోరేజ్ ఉంది. చాలకపోతే మైక్రోఎస్డీ ఎక్స్‌ప్రెస్ అనే వేగమైన మెమరీ కార్డు వేసుకోండి. పాత రకం మైక్రోఎస్డీ (యూహెచ్ఎస్-1) కార్డు సెకనుకి 104 ఎంబీ దాటదు, ఎక్స్‌ప్రెస్ 985 దాకా పోతుంది. పాత కార్డులో ఆటలు పెట్టనివ్వదు, స్విచ్ 1లో తీసిన ఫొటోలు, వీడియోలు తెచ్చుకోడానికే పనికొస్తుంది. కొనేటప్పుడు వెనక రెండో వరస పిన్నులు చూసి మురిసిపోవద్దు, యూహెచ్ఎస్-2 అనే ఇంకో రకం కార్డుకీ అవి ఉంటాయి. ముందువైపు 'ఈఎక్స్' గుర్తుందో లేదో చూడండి.

జాయ్‌కాన్_బాధితుడు: ఈసారీ కంట్రోలర్లలో అయస్కాంతంతో పనిచేసి త్వరగా అరగని హాల్ ఎఫెక్ట్ స్టిక్కులు పెట్టలేదట. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

పాత_క్యాట్రిడ్జి: శీనుగారూ, నేనడిగింది వేగం గురించి కాదు. 50 జీబీ ఆటలు ఐదు ఎక్కిస్తే 250 అయిపోయింది. సిస్టమ్‌కి చోటెక్కడ?

సిలికాన్_శీను: ఆడనిది తీసేయండి. సేవ్ (ఆటలో ఎక్కడిదాకా వచ్చామన్నది) ఎక్కడికీ పోదు. మళ్లీ దించుకోవచ్చు.

పాత_క్యాట్రిడ్జి: రోజుకి 2 జీబీ ప్యాక్‌తో హాట్‌స్పాట్ పెట్టుకునేవాడికి 50 జీబీ అంటే 25 రోజులు. తీసేసి మళ్లీ దించుకోమని ఎంత తేలిగ్గా అనేశారు!

సిలికాన్_శీను: విడుదలప్పుడే 450 డాలర్లున్న మెషిన్ కొనేవాడికి బ్రాడ్‌బ్యాండ్ ఉండదా?

పాత_క్యాట్రిడ్జి: ఊళ్లో ఉండేవాళ్లు ఆడకూడదని ఎక్కడైనా రాసుందా? మాటలు చూసుకుని మాట్లాడండి.

టోక్యో_తమ్ముడు: గొడవ మధ్యలో ఒక్క మాట. జపాన్ నుంచి తెప్పించుకునేవాళ్లు విడుదలప్పుడు 49,980 యెన్లకి వచ్చిన మెషిన్ తీసుకోవద్దు. అది జపనీస్ భాష ఒక్కటే చూపిస్తుంది, జపాన్ ఖాతాలే తీసుకుంటుంది. అన్ని భాషలదీ అప్పుడు 69,980. మన దగ్గర అధికారికంగా అమ్మట్లేదు కాబట్టి వారంటీ సంగతీ ముందే ఆలోచించుకోండి.

సిలికాన్_శీను: కోపం దేనికండీ. డబ్బాలో కార్డు బదులు డౌన్‌లోడ్ కోడ్ కాగితం పెట్టి ఇచ్చేదానికంటే ఇది నయం కాదా? ఇది అమ్ముకోవచ్చు, తమ్ముడికి ఇవ్వొచ్చు. కోడ్ ఒకసారి వాడితే ఆ డబ్బా ఎవరికీ పనికిరాదు.

పాత_క్యాట్రిడ్జి: ఆట దించుకునే సర్వరు ఉన్నన్నాళ్లే కదా అమ్మడమైనా, ఇవ్వడమైనా. నా గొడవంతా అదే. పదిహేనేళ్ల తర్వాత ఆ కార్డు తీసి పెడితే ఆట రావాలి.

సిలికాన్_శీను: ఇది మొదటే అడగాల్సింది, జీబీలు లెక్కపెట్టకుండా. నింటెండో పాత మెషిన్లు 3డీఎస్, వీ యూల ఆన్‌లైన్ షాపులు 2023 మార్చి 27న మూసేశారు. అంతకుముందు కొన్నవి ఇప్పటికీ దిగుతున్నాయి.

పాత_క్యాట్రిడ్జి: ఇప్పటికీ అన్నారు చూశారా. ఎప్పటిదాకా అన్నది వాళ్ల చేతిలో ఉంది. సైబర్‌పంక్ కార్డుకి ఆ బెడద లేదు.

సిలికాన్_శీను: ప్యాచ్‌లు (తర్వాత నెట్‌లో వచ్చే సవరణలు) వద్దనుకుంటే లేదు.

కాకినాడ_గేమర్: సరే, ముందు సైబర్‌పంక్ డబ్బా తీసుకుంటా. 'ఈఎక్స్' గుర్తున్న 256 జీబీ కార్డు ఇక్కడ ఎక్కడైనా దొరుకుతోందా?