ఏడాది సామాను ఒకేసారి కొంటే ఏది కలిసొస్తుంది, ఏది పాడవుతుంది?

బొబ్బిలి ఇల్లాలు అడిగారు:

అందరికీ నమస్కారమండి. ఇంట్లో ఐదుగురం. మేమిద్దరం, అత్తగారు, హైస్కూలు చదివే పిల్లలిద్దరు. నెలకి బియ్యం 40 కిలోలు, కందిపప్పు 3 కిలోలు, మినుములు 2 కిలోలు, పెసలు కిలో, చింతపండు ముప్పావు కిలో, కారం 300 గ్రాములు అవుతున్నాయి. ఈ ఏడు సామానుకని 18 వేలు పక్కన పెట్టాను. ఫిబ్రవరి, మార్చిల్లో కొత్త పంట దిగుతుంది కదా, అప్పుడే ఏడాదికి సరిపడా కొనేద్దామని ఉంది.

భయం ఒక్కటే. పోయినేడు కొన్న 20 కిలోల మినుములు ఆగస్టుకల్లా పుచ్చిపోయాయి. చింతపండు నీరు కారింది. కారం ఉండ కట్టింది. ఇల్లు రెండు గదులే, కానీ డాబా మీద ఎండ బాగా తగులుతుంది. ఏది ఏడాదికి కొనొచ్చు, ఏది కొనకూడదు, ఎలా దాచాలి? తెలిసినవాళ్ళు కొలతలతో సహా చెప్పగలరా?

గజపతినగరం రైతుబిడ్డ:

అమ్మా, ముందు మినుముల సంగతి. మన జిల్లాల్లో వరి కోసిన మడిలోనే మినుము, పెసర చల్లుతారు. ఫిబ్రవరి, మార్చిల్లో చేతికొస్తాయి. పుచ్చు పురుగు మీ డబ్బాలో పుట్టింది కాదు, చేలో ఉండగానే కాయ మీద గుడ్డు పెట్టి గింజతో పాటు ఇంటికొచ్చింది. కొనేటప్పుడు గుప్పెడు గింజలు తెల్ల కాగితం మీద పోసి వెలుతుర్లో చూడండి. నల్లటి పొట్టు మీద సూదిమొనంత తెల్లటి చుక్క అంటుకుని ఉంటే గోటితో గీకండి. పెళుసుగా ఊడి వస్తే అది గుడ్డు పెంకే. గుండ్రటి చిల్లు కనిపిస్తే అందులోంచి పురుగు అప్పటికే బయటికొచ్చేసింది, ఆ బస్తా వద్దు. వేసవిలో గుడ్డు పురుగై బయటికి రావడానికి నెల చాలు. ఒక్కో ఆడపురుగు వంద దాకా గుడ్లు పెడుతుంది. మార్చిలో పది గింజలకి ఉన్న పుచ్చు ఆగస్టుకి డబ్బా అంతా అయ్యేది అందుకే.

ఇంటికి తేగానే చేటలో చెరిగి, డాబా మీద రెండు రోజులు పలచగా ఆరబొయ్యండి. గింజ పంటి కింద టక్కున విరగాలి. నలిగితే ఇంకా తడి ఉన్నట్టే. మూడో రోజు నల్ల టార్పాలిన్ మీద రెండు సెంటీమీటర్ల మందాన పోసి, పైన పారదర్శకంగా ఉండే పాలిథిన్ కప్పి, అంచుల చుట్టూ ఇటుకలు పెట్టండి. పదకొండు నుంచి మూడు దాకా ఉంచితే చాలు. తీసేసరికి గింజని గుప్పిట్లో పట్టుకోలేనంత వేడి ఉండాలి. గింజ లోపలున్న పిల్లపురుగు కూడా ఆ వేడికి చస్తుంది. ముందు రెండు రోజులు ఆరబొయ్యకుండా నేరుగా పాలిథిన్ కప్పితే లోపలి చెమ్మంతా పైకొచ్చి గింజకే అంటుకుంటుంది. ఆ పొరపాటు చెయ్యకండి.

ఆ వేడి మీద డబ్బాలో పొయ్యొద్దు. ఇదే చాలామంది ఇళ్ళలో కొంప ముంచేది. వేడి గింజ మూతపెట్టిన డబ్బాలో చల్లారితే మూత లోపల నీటి చుక్కలు పట్టి బూజు వస్తుంది. నీడపట్టున సాయంత్రం దాకా ఆరనిచ్చి, కిలోకి ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, ఆముదమో వేరుశనగ నూనో వేసి చేత్తో బాగా పట్టించండి. ఆ పొర కింద గుడ్డుకి ఊపిరాడదు. పైన ఇసుకకి చోటు మాత్రం వదిలి డబ్బా నిండా నింపాలి, సగం ఖాళీ ఉంటే పురుగుకి గాలి మిగిలినట్టే. పైన పలచటి బట్ట పరిచి, ఎండబెట్టి జల్లించిన ఏటి ఇసుక మూడు సెంటీమీటర్లు పొయ్యండి. 20 కిలోల డబ్బా ఒకటి కాకుండా 5 కిలోలవి నాలుగు పెట్టుకుంటే ఒకటి వాడుతుండగా మిగతా మూడు తెరవక్కర్లేదు.

ఇంకో దారి కూడా ఉంది. పుచ్చు పురుగు నిండు గింజకే పడుతుంది, బద్దకి పెద్దగా పట్టదు. ఏడాది మినుముల్లో సగం బద్ద చేయించేయండి. 10 కిలోలకి 50 మిల్లీలీటర్ల నూనె పట్టించి ఒక రాత్రి ఉంచి, మర్నాడు ఎండబెట్టి, మరలో బరకగా ఆడించాలి. పొట్టు ఎటూ పోదు, నానబెట్టినప్పుడు కడిగేయొచ్చు. ఇడ్లీకి పొట్టుతో రుబ్బినా తప్పు లేదు.

పెసల్లో మొలకలకి వాడేవి వేరుగా తీసి పెట్టండి. పాలిథిన్ కింద పెడితే మొలక దెబ్బతినొచ్చు. వాటిని మామూలుగా ఎండబెట్టి, కిలో చొప్పున కవర్లలో కట్టి, డీప్ ఫ్రీజర్‌లో ఐదు రోజులు ఉంచి తియ్యండి. తీసిన కవరు గది వేడికి వచ్చేదాకా విప్పకండి, విప్పితే గింజకి చెమ్మ పడుతుంది.

నాగావళి ఒడ్డు:

మినుముల గురించి రైతుబిడ్డ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను చింతపండు, కారం వరకే చెబుతాను.

చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దిగుతుంది. సాలూరు, పార్వతీపురం వైపు నుంచి వచ్చే పండు బాగుంటుంది, గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కూడా అమ్ముతారు. పిక్కతో కొనాలా, పిక్క తీసింది కొనాలా అన్నది ధర చూసి తేల్చుకోవాలి. కాయ మొత్తంలో గుజ్జు సుమారు 55 శాతం, పిక్కలు 34, పెంకూ పీచూ 11. పెంకు తీసేసి పిక్కతో అమ్మే పండులో గుజ్జు కిలోకి 620 గ్రాములే. కాబట్టి పిక్క ఉన్నదాని ధరని 1.6తో హెచ్చవేయండి. పిక్క తీసినది అంతకంటే తక్కువకి వస్తే అదే కొనండి. ఎక్కువైతే పిక్కతో తెచ్చి ఇంట్లో తీసుకోవడం నయం.

మీకు 9 కిలోలు కావాలి. నీరు కారిందన్నారు కదా, తడి పండు కొని ఎండబెట్టకుండా పెట్టి ఉంటారు. పీచు, పిక్క తీసి, తాటాకు చాప మీద రెండు మూడు రోజులు ఎండనివ్వండి. వేలికి అంటుకోవాలి గానీ తడి తగలకూడదు. కిలోకి 100 గ్రాముల కల్లుప్పు చొప్పున చేత్తో కలిపి, అరకిలో ముద్దలుగా నొక్కి జాడీలో పేర్చండి. ఉప్పు కూడా ముందు ఎండబెట్టిందే కావాలి, తడి ఉప్పు కలిపితే నీరు మళ్ళీ మొదలు. రేకు డబ్బాలో, అల్యూమినియం గిన్నెలో పెట్టొద్దు, పులుపు లోహాన్ని తినేస్తుంది. రంగు మాత్రం ఎంత జాగ్రత్త పడ్డా ఏడాదికి నల్లబడుతుంది. అది పాడవడం కాదు, చారు రంగు ముదురుగా వస్తుందంతే. బూజు గానీ, ఈస్టు వాసన గానీ ఉంటే అప్పుడు పారెయ్యాలి.

కారం ఉండ కట్టడానికి కారణం మర. ఆడించిన వెంటనే పొడి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. అలాగే సంచిలో కట్టి తెచ్చి డబ్బాకెత్తితే ఆవిరి లోపలే చల్లారి ఉండ కడుతుంది. పాత చీర మీద గంటసేపు పరిచి ఆరబెట్టాక ఎత్తాలి. మిరపకాయల్ని ఆడించే ముందు గలగలమనేదాకా ఎండబెట్టండి. తొడిమలు మరకి వెళ్ళే రోజునే తుంచండి, ముందే తీస్తే చిల్లులోంచి చెమ్మా పురుగూ లోపలికి పోతాయి. ఏడాదికి 4 కిలోల కాయ కొనండి గానీ అంతా ఒకేసారి ఆడించొద్దు. నాలుగు నెలలకోసారి కిలోంబావు చాలు. కిలో కారానికి 50 గ్రాముల వేయించిన ఉప్పు, రెండు చెంచాల నూనె కలిపితే రంగు నిలుస్తుంది. మిగిలిన కాయని మందపాటి నల్ల కవర్లో, వెలుతురు తగలని చోట ఉంచండి. వెలుతురు తగిలితే ఎరుపు వెలిసిపోతుంది.

పద్దుపుస్తకం:

అందరూ దాచే పద్ధతి చెబుతున్నారు. అసలు కొనడం లాభమా అన్న లెక్క కూడా వెయ్యాలండి.

కందిపప్పు తీసుకుందాం. ఉదాహరణకి సీజన్లో కిలో 130 ఉందనుకోండి. 36 కిలోలకి 4,680 రూపాయలు. ఏడాది పొడవునా నెలనెలా కొంటే సగటున కిలోకి పది రూపాయలు ఎక్కువ పడుతుందనుకుంటే, ఒకేసారి కొన్నందుకు మిగిలేది 360. మూడు కిలోలు పాడైపోతే 390 పోయింది. లాభం అక్కడే హరించుకుపోయింది. ఇక నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొని, నెలనెలా తీర్చుకుంటూ పోయినా సగటున ఆరు నెలల వడ్డీ, అంటే 12 శాతం, సుమారు 560 పడుతుంది. అప్పు చేసి ఏడాది సామాను కొనడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మీ దగ్గర సొంత డబ్బే ఉంది కాబట్టి సరే. అయినా 18 వేలూ సామానులో పెట్టేసి ఆసుపత్రికి చేతిలో రూపాయి లేకుండా చేసుకోకండి. 5 వేలు అట్టే ఉంచి, మిగిలిన 13 వేలతో కొనండి.

నా వరస ఇది. చింతపండు, మిరపకాయ ఏడాదికి. సీజనుకీ వానాకాలానికీ వీటి ధరలో తేడా ఎక్కువ, చోటూ తక్కువే పడుతుంది. మినుములు, పెసలు ఏడాదికి, ఊళ్ళో రైతు దగ్గర తిన్నగా దొరికితేనే. కిరాణా కొట్టు ధరకే అయితే ఆరు నెలలకి. కందిపప్పు నాలుగు నెలలకి మించొద్దు. రైతుబిడ్డ గారి మాట కాదనను గానీ, ఉద్యోగాలకి పోయే ఇళ్ళలో మూడు రోజులు డాబా మీద కాపలా ఎవరు కాస్తారో ముందు చూసుకోవాలి. మధ్యాహ్నం వాన జల్లు పడితే మొత్తం పోతుంది.

బియ్యం మూడు నెలలకి, అంటే 120 కిలోలు. ధర పోల్చేటప్పుడు బస్తాని బట్టి కాదు, కిలోని బట్టి పోల్చండి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న ముద్ర వేసిన బస్తా మీద 5 శాతం జీఎస్టీ పడ్డాక చాలామంది 26 కిలోల బస్తాలు తెచ్చారు. పక్కపక్కన పెట్టి చూస్తే 26 కిలోలది ఖరీదైనట్టు కనిపిస్తుంది, భాగించి చూస్తే చవకవుతుంది. సన్నాలే కావాలంటే మన రాగోలు పరిశోధన స్థానం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు దొరుకుతాయేమో అడగండి. చోటుంటే ధాన్యం కొని మర ఆడించుకోవడం మేలే. 75 కిలోల బస్తాకి 48 నుంచి 50 కిలోల బియ్యం వస్తాయి, నెలకో బస్తా ఆడిస్తే మీకు సరిపోతుంది. ఊక ఉన్నంతకాలం ముక్కుపురుగు అంతగా పట్టదు. కానీ రెండు గదుల ఇంట్లో పది బస్తాల ధాన్యం పెడితే ఎలుకలతో వేగలేరు.

నూనె, రవ్వ, శనగపిండి, గోధుమపిండి, ఒలిచిన వేరుశనగపప్పు నెలకి మించి కొనకండి. వేరుశనగపప్పు ముక్కిపోతే రుచితో పోయేది కాదు. ఆకుపచ్చ బూజు పట్టినవి, చేదెక్కినవి కడిగినా వేయించినా విషం పోదు, పారెయ్యాల్సిందే.

బొబ్బిలి ఇల్లాలు:

ఎంత వివరంగా చెప్పారండి, అందరికీ రుణపడి ఉంటాను. ఇంకో రెండు సందేహాలు. బియ్యాన్ని కూడా ఎండలో పెట్టొచ్చా? పక్కింటావిడ బియ్యం బస్తాలో మందు బిళ్ళలు వేస్తే పురుగే రాదంటున్నారు, నిజమేనా?

గజపతినగరం రైతుబిడ్డ:

అమ్మా, ఆ బిళ్ళలు ఇంట్లోకే రానివ్వొద్దు. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ అది. గాల్లో తడి తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. బస్తా ఉన్న గదిలో పడుకున్నవాళ్ళ ప్రాణాలు పోతాయి, దానికి విరుగుడు మందు లేదు. పాదరసం కలిసిన బిళ్ళలూ అంతే, తినే గింజలో వెయ్యకూడదు. పక్కింటావిడకీ దయచేసి చెప్పండి.

బియ్యం ఎండలో పెట్టొద్దు. గింజ పగిలి వండేటప్పుడు నూకవుతుంది. పురుగు కనిపిస్తే నీడలో పలచగా పరిచి గాలి తగలనిస్తే పురుగులు వాటంతటవే పక్కకి పాకిపోతాయి, తర్వాత జల్లించుకోవడమే. బస్తాలు చెక్క బల్ల మీద, గోడకి జానెడు దూరంలో పెట్టండి. పాత గోనె సంచి కుట్ల మధ్య పురుగు దాక్కుంటుంది, మరిగే నీళ్ళలో ముంచి ఎండబెట్టి గానీ మళ్ళీ వాడొద్దు. ఎండిన వేపాకు వెయ్యండి, కొంత పని చేస్తుంది. దాన్నే నమ్ముకోకండి.

నాగావళి ఒడ్డు:

ఎవరూ చోళ్ళ, అదే రాగుల, ఊసెత్తలేదేంటండి? ఏడాదికి నిశ్చింతగా కొనదగ్గ గింజ అదొక్కటే. గింజ మరీ చిన్నది కావడంతో పురుగు దాదాపు పట్టదు, బాగా ఎండితే రెండేళ్ళయినా చెక్కుచెదరదు. 20 కిలోలు కొని పెట్టుకోండి. పిండి మాత్రం రెండేసి కిలోలే ఆడించండి, పిండి అయ్యాక నెల దాటితే చేదు వాసన వస్తుంది. రాత్రి లీటరున్నర నీళ్ళు మరిగించి, అరపావు పిండి చల్లటి నీళ్ళలో ఉండ లేకుండా కలిపి అందులో పోసి, పది నిమిషాలు కలియబెట్టి దించి మూత పెడితే పొద్దున్నకి ఐదుగురికి అంబలి సిద్ధం. ఉల్లిపాయ ముక్క, మజ్జిగ, ఉప్పు కలపండి. వారంలో మూడు రోజులు టిఫిను బదులు అది పెడితే మీ 2 కిలోల మినుములు కిలోంబావుకి దిగుతాయి. అప్పుడు ఏడాదికి 24 కిలోలు కాదు, 15 కొంటే చాలు.