ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చిన కారు లోన్ షోరూం వాళ్లు కట్టట్లేదు, ఈఎంఐ నా ఖాతాలోంచే పోతోంది

కూర్మన్నపాలెం నైట్‌షిఫ్ట్:

అందరికీ నమస్కారం. నేను పరవాడ ఫార్మాసిటీలో పని చేస్తాను. మార్చిలో పాత స్విఫ్ట్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చి వైజాగ్‌లోనే వేరే కంపెనీ బండి తీసుకున్నాను. షోరూం పేరు చెప్పను, దయచేసి అడగకండి.

పాత బండికి 3,85,000 రేటు కట్టారు. దాని మీద ఫైనాన్స్ ఉంది. లోన్ ముందే మూసేయాలంటే ఎంత కట్టాలో చెబుతూ బ్యాంకు ఇచ్చిన ఫోర్‌క్లోజర్ లెటర్‌లో 2,12,661 అని ఉంది. అది షోరూం వాళ్లే బ్యాంకుకి కట్టి లోన్ మూసేస్తారు, మిగిలిన 1,72,339 కొత్త బండి డౌన్‌పేమెంట్‌లో కలుపుతారు. ఇదీ మాట. ఆర్డర్ ఫారంలో 1,72,339 రాసి ఉంది. లోన్ ఎవరు కట్టాలో మాత్రం ఎక్కడా లేదు. సేల్స్ అబ్బాయి వాట్సాప్‌లో "వారంలో క్లోజ్ అయిపోతుంది సార్, టెన్షన్ పడకండి" అని పెట్టాడు.

బండి, రెండు తాళాలు, ఆర్‌సీ, నా సంతకాలతో ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 అన్నీ డెలివరీ రోజే తీసేసుకున్నారు. కొత్త బండితో నిమ్మకాయలు తొక్కించి, దండ వేసి ఫొటో కూడా తీశారు. ఆ తర్వాత పాత లోన్ ఈఎంఐ 11,417 చొప్పున రెండు నెలలది నా ఖాతాలోంచే పోయింది. కొత్త లోన్ ఈఎంఐ దానికి అదనం. ఫోన్ చేస్తే సేల్స్ అబ్బాయి "అది ఎక్స్‌ఛేంజ్ సెక్షన్ సార్" అంటాడు. ఆ సెక్షన్ మేనేజరేమో కొనే పార్టీ దొరికాక కడతామంటాడు. ఇప్పుడు కొత్త పాట ఎత్తుకున్నాడు: లెటర్ గడువు అయిపోయింది, ఇంకోటి తెండి, పెరిగిన వడ్డీ మీరే పెట్టుకోవాలట.

దీనికి తోడు మొన్న ఈ-చలానా వచ్చింది. మద్దిలపాలెం దగ్గర సిగ్నల్ జంప్. ఫొటోలో వెనక అద్దం మీద మా పాప అంటించిన సీతాకోకచిలుక స్టిక్కర్ అలాగే ఉంది. ఎవడు తిప్పుతున్నాడో తెలీదు.

ఈఎంఐ ఆపేస్తే వీళ్లు దారికొస్తారా? సిబిల్ స్కోర్ పోతుందా? ఎవరికి చెప్పుకోవాలి?

గాజువాక రైడర్:

ఆపేయండి బ్రో. ఖాతాలో డబ్బులే ఉంచకండి. రికవరీ వాళ్లు వస్తే బండి షోరూంలో ఉంది, పోయి పట్టుకోండి అని చెప్పండి. వాళ్లూ వాళ్లూ కొట్టుకు చస్తారు.

మాజీ లోన్ డెస్క్:

పై సలహా మాత్రం వినకండి బాబూ. నేను బ్యాంకులో లోన్ల టేబుల్ దగ్గరే రిటైరయ్యాను. అగ్రిమెంట్ మీద సంతకం మీది. షోరూం ఎవరో బ్యాంకుకి తెలీదు, తెలుసుకోవాల్సిన పని కూడా లేదు. ఈఎంఐ బౌన్సయితే ఛార్జీలు మీకు, ఆలస్యం మచ్చ మీ సిబిల్‌లో. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగొచ్చినా 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద చెక్ బౌన్స్ లాంటి కేసే పెట్టొచ్చు. వాళ్ల మీద కోపంతో మీరు ఎందుకు ఇరుక్కోవాలి?

ఇక లెక్కకి వద్దాం. అసలు మతలబు ఇక్కడుంది, దీన్ని ఎవరూ చూడరు. మీ లోన్ వడ్డీ 9 శాతం, అసలు 2,05,000 అనుకుందాం. మొదటి ఈఎంఐలో వడ్డీ సుమారు 1,538, రెండోదాంట్లో 1,463. మిగతా 19,800 పైచిలుకు అసలుకే జమైంది. అంటే మార్చిలో 2,12,661 కట్టాల్సిన షోరూం, ఇవాళ కడితే దాదాపు 20,000 తక్కువ కడితే సరిపోతుంది. ఆ మిగులు మీ జేబులోది. వాళ్లేమో వడ్డీ మీరే పెట్టుకోవాలంటున్నారు! లోన్ మూసేశాక "అయిపోయింది కదా సార్" అని చేతులు దులుపుకుంటారు. కాబట్టి అడగాల్సింది లోన్ మూయడం ఒక్కటే కాదు, మీరు కట్టిన 22,834 మొత్తం. వాళ్లు చెప్పినట్టు వారంలో కట్టి ఉంటే ఇందులో పైసా మీ ఖాతాలోంచి పోయేది కాదు.

రాత లేదని బెంగ పడకండి. 3,85,000 వాల్యుయేషన్ షీటు తీయండి, పక్కన ఆర్డర్ ఫారం పెట్టండి. మీకు జమ చేసింది 1,72,339. మరి లోన్ కట్టే బాధ్యత వాళ్లది కాకపోతే తేడా 2,12,661 దేనికి పట్టుకున్నట్టు? ఈ ఒక్క ప్రశ్న జనరల్ మేనేజర్‌కి ఈమెయిల్లో రాయండి. వాట్సాప్ స్క్రీన్‌షాట్, రెండు ఈఎంఐల స్టేట్‌మెంట్ జత చేయండి. కాపీ కార్ల కంపెనీ కస్టమర్ కేర్‌కి. ఫోన్లో మాట్లాడింది మాటే కాదు, మెయిల్ ఒక్కటే నిలబడుతుంది.

కొత్త ఫోర్‌క్లోజర్ లెటర్ మీరే తెచ్చివ్వండి, అది లోన్ తీసుకున్నవాళ్లకే ఇస్తారు. కట్టేశాం అంటే యూటీఆర్ నంబర్ (డబ్బు బ్యాంకుకి పంపినట్టు రుజువు నంబర్) అడగండి. ముందు మీరు కట్టేయండి తర్వాత ఇస్తాం అంటే ఒప్పుకోకండి.

ఎంవీపీ కాలనీ అక్క:

తమ్ముడూ, లోన్ సంగతి ఆయన చక్కగా చెప్పారు. నాకైతే ఆ చలానా చూస్తే ఎక్కువ భయమేస్తోంది. ఆర్‌సీ ఇంకా నీ పేరు మీదే ఉంది. ఆ బండి రేపు ఎవరినైనా గుద్దితే? 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, బండి చేతులు మారినా రికార్డులో పేరున్నవాడే ఓనరని. కాబట్టి పాత బండి ఇన్సూరెన్స్ పొరపాటున కూడా క్యాన్సిల్ చేయించకు.

ఇంకోటి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకి కొత్త రూల్స్ వచ్చాయి. గుర్తింపు ఉన్న డీలరైతే బండి తీసుకున్నట్టు ఫారం 29సీ ఆన్‌లైన్లో పెట్టాలి. అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చాక బాధ్యత వాళ్లదే. పెట్టారా అని అదే మెయిల్లో అడుగు. లేదంటే బండి ఏ తేదీన, ఏ టైంకి, ఎన్ని కిలోమీటర్ల రీడింగ్‌తో తీసుకున్నారో లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టించుకో. చలానా వాళ్లచేతే కట్టించు.

మా మరిది విషయంలో ఇలాగే నాన్చారు. మెయిల్‌కి ఉలుకూ పలుకూ లేదు. 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నంబర్ వచ్చాక షోరూం వాళ్లే ఫోన్ చేశారు. అప్పటికీ వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఈ-జాగృతి అనే సర్కారు పోర్టల్లో ఇంటి దగ్గర్నుంచే వేయొచ్చు. కొత్త బండి ధర 5 లక్షలు దాటి 10 లక్షల లోపైతే ఫీజు 200. రెండేళ్ల లోపు వేయాలి, అంతే.

కూర్మన్నపాలెం నైట్‌షిఫ్ట్:

అక్కా, సార్, ఇద్దరికీ థాంక్స్. ఆ 2,12,661 ప్రశ్నే రాసి మెయిల్ పెట్టాను. సాయంత్రానికే జీఎం ఆఫీసు నుంచి ఫోన్. కొత్త లెటర్ ఇస్తే సోమవారం బ్యాంకుకి డబ్బు పంపేస్తారట. చలానా కూడా కడతామన్నారు. 22,834 సంగతి ఎత్తితే మాత్రం "అకౌంట్స్‌లో మాట్లాడి చెప్తాం" అన్నారు. ఫారం 29సీ అంటే ఏంటని నన్నే అడిగారు.

మాజీ లోన్ డెస్క్:

"చెప్తాం" అన్నదాన్ని కూడా మెయిల్లో పెట్టమనండి. సోమవారం యూటీఆర్ రాకపోతే మంగళవారం పొద్దున్నే 1915. వచ్చినా 22,834 కోసం ఫిర్యాదు వేయండి. లోన్ మూశాక బ్యాంకు నుంచి ఎన్‌వోసీ, ఆర్‌సీలోంచి లోన్ తీసేయించే ఫారం 35 మీ చేతికే తీసుకుని, జిరాక్స్ ఉంచుకుని, రసీదు మీద సంతకం పెట్టించుకున్నాకే షోరూంకి ఇవ్వండి. బండి వేరేవాళ్ల పేరు మీదకి మారిందో లేదో పరివాహన్ సైట్లో చూస్తూ ఉండండి. ఈ నెల ఈఎంఐ తేదీ దగ్గర పడితే ఖాతాలో 11,417 ఉంచండి, అది కూడా వాళ్ల లెక్కలో కలపండి.