‘చివరి వాయిదా’ అనలేం కదా, మరేమనాలి?

అనువాదకురాలు: టీనేజీ పిల్లల కోసం రాసిన ఒక ఫాంటసీ సిరీస్‌ని తెలుగు చేస్తున్నాను. నాలుగు పుస్తకాలు అయిపోయాయి, అయిదోదానితో కథ పూర్తి. చిక్కల్లా అట్ట వెనక వేసే నాలుగు వాక్యాల దగ్గర వచ్చింది. ఇంగ్లీషులో ‘ఫైనల్ ఇన్‌స్టాల్‌మెంట్’ అని ఉంది. నిఘంటువు తీస్తే వాయిదా, కిస్తీ అంటోంది. ‘మీరు ఎదురుచూస్తున్న చివరి వాయిదా’ అని రాస్తే అప్పు తీరబోతోందని సంబరపడతారు, లేదా కోర్టు కేసనుకుంటారు. ‘చివరి భాగం’ అని రాసి పంపితే ఎడిటర్ గారు ‘తుది సంపుటి’ అని దిద్దారు. సంపుటి అంటే నాకు విడివిడి కథల్నో కవితల్నో ఒకచోట చేర్చినట్టు వినిపిస్తుంది. మీరైతే ఏం రాస్తారు?

పుస్తకాల పురుగు: ‘లాస్ట్ పార్ట్’ అని రాసెయ్యండి, చదివే పిల్లలు అనేది అదే. ‘భాగం’ మాత్రం వద్దండీ. హ్యారీ పాటర్ ఏడో పుస్తకం 2007లో వచ్చింది, దాన్నే 2010లో, 2011లో రెండు సినిమాలుగా తీశారు. మా ఇంట్లో అప్పుడు నడిచిన సంభాషణ: ‘చివరి భాగం చూశావా?’ ‘చివరి భాగంలో మొదటి భాగం చూశా, చివరి భాగంలో చివరి భాగం ఇంకా రాలేదు.’ సిరీస్‌లో పుస్తకమూ భాగమే, పుస్తకంలో విభాగమూ భాగమే, ఆస్తిలో వాటా కూడా భాగమే. పాపం ఒక్క మాట ఎన్ని మోస్తుంది!

వ్యాకరణం మాస్టారు: భాగం సంగతి సరే, అసలు తగువు దాని ముందున్న విశేషణంతో. చివరి, తుది, కడపటి, ఆఖరి, ఈ నాలుగూ ఒకటేనని నిఘంటువులు అనొచ్చు గానీ వాడుక ఒప్పుకోదు. ‘చివరి’ది వరసలో చోటు. చివరి బెంచీ, చివరి పేజీ. అది ఇప్పటిదాకా ఉన్న వరస కావచ్చు కూడా: ‘నేను చదివిన చివరి పుస్తకం’ అంటే ఇక చదవనని కాదు కదా. ‘తుది’ అనగానే దానికి ముందు తాత్కాలికమైనదేదో ఉందని తోస్తుంది. తుది తీర్పు, తుది జాబితా, తుది జట్టు. అందుకే ‘తుది సంపుటి’ వింటే ముసాయిదా సంపుటి ఎక్కడుందని అడగబుద్ధేస్తుంది. ‘కడ’లో ఎడబాటు ఉంది. కడసారి చూపు అనే మాటని ఎవరూ తేలిగ్గా వాడరు. ఇక ‘ఆఖరి’. ఆఖరి బస్సు, ఆఖరి బంతి. అది పోతే మళ్లీ దొరకదు అనే టెన్షన్ దానిలో ఉంది. ఫాంటసీకి అదే బాగుంటుందేమో.

ఇంకో తమాషా చూడండి. చివర, తుద, కడ ముగ్గురూ ద్విరుక్తటకార సంధికి లొంగుతారు. రెండుసార్లు పలికితే మొదటిదానిలో తొలి అచ్చు తరవాతదంతా ఎగిరిపోయి ‘ట్ట’ వచ్చి కూర్చుంటుంది: చిట్టచివర, తుట్టతుద, కట్టకడ. మొట్టమొదట, నట్టనడుమ, పట్టపగలు, బట్టబయలు ఇవన్నీ ఆ కోవే. ఆఖరు అరబ్బీ నుంచి వచ్చిన మాట, ఎంత పాతకాపైనా ఈ బంతిలో కూర్చోలేదు. ‘ఆట్టాఖరు’ అని ఎవరైనా అన్నారా? దానికి బదులు వేరే విద్య నేర్చుకుంది: ‘ఆఖరికి నువ్వు కూడానా!’ ఈ చోట చివరికి అన్నా సరిపోతుంది గానీ తుదికి అంటే నవ్వుతారు.

అనువాదకురాలు: మాస్టారూ, ‘చివరిది వరస’ అన్నారే, అది నాకు పట్టుకుంది. హంగర్ గేమ్స్ మూడో పుస్తకంతో 2010లో కథ అయిపోయింది. చివరి పుస్తకం అనే అన్నాం అప్పుడు. తీరా 2020లో ఒకటి, 2025లో ఇంకొకటి వచ్చాయి, రెండూ ఆ కథకు ముందు కాలానివి. ఇప్పుడు చివరిది ఏది? వచ్చిన వరసలో 2025ది, కథ వరసలో 2010ది. ఆ 2010 పుస్తకాన్ని ఇవాళ చివరిది అంటే సగం అబద్ధం. కథకు ముగింపు అంటే మాత్రం ఇప్పటికీ నిజమే.

వ్యాకరణం మాస్టారు: ఇది మనకు కొత్తేం కాదమ్మా. యుద్ధకాండలో పట్టాభిషేకంతో రాముడి కథ ముగిసినట్టే ఉంటుంది, ఆ తరవాత ఉత్తరకాండ. పుస్తకంలో చివరిది అదే, చాలామంది మనసులో ముగింపు మాత్రం పట్టాభిషేకమే. ఆ ఉత్తరకాండ కథనే తీసుకుని తిక్కన నిర్వచనోత్తర రామాయణం రాశాడు. ఉత్తర అంటే తరవాతిది, అంతే. అది చివరిదని ఆ మాట ఎక్కడా ఒట్టు పెట్టలేదు.

పుస్తకాల పురుగు: పిల్లల్ని అడిగితే ముగింపు అనరు, ‘క్లైమాక్స్’ అంటారు. ఇంగ్లీషులో అది కథ పతాకస్థాయి, దాని తరవాత కొంచెం దిగుడు కూడా ఉంటుంది. మన సినిమాల పుణ్యమా అని తెలుగులో శుభం కార్డు ముందు చివరి అరగంటంతా క్లైమాక్సే. అట్ట మీద వేయకండి గానీ, వేస్తే అమ్ముడవుతుంది.

అనువాదకురాలు: ఎడిటర్ గారికి ఇలా పంపాను: ‘అయిదో పుస్తకం. ఈ కథకు ముగింపు.’ విశేషణాలన్నీ తీసేశాను. మాంత్రికుడు గుహ తలుపు మూసేటప్పుడు అనే మాట ఒకటుంది లోపల, అక్కడికి ‘ఇదే కట్టకడపటి తలుపు’ వాడుకుంటున్నాను. మాస్టారికి అభ్యంతరం లేదనుకుంటాను.

వ్యాకరణం మాస్టారు: లేదు. మాంత్రికుడికి సంధులు వస్తాయనే అనుకుందాం.