ఆన్‌లైన్ థెరపీ: తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలి, ఎలా ఎంచుకోవాలి?

పుణె_పీజీ:
అందరికీ నమస్తే. పుణెలో ఉద్యోగం, పీజీలో ఉంటున్నాను. కొన్ని నెలలుగా ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండె దడ, అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టదు, సోమవారం మీటింగ్‌లో నన్ను అడిగితే గొంతు పెగలదు. థెరపీ తీసుకుందామని యాప్‌లు చూస్తే ఒకటి చాట్ చాలంటుంది, ఇంకొకటి పది సెషన్లు ఒకేసారి కొంటే సగం ధరే అంటుంది. ఇంగ్లీషు వచ్చు గానీ ఇంటి గొడవలు ఇంగ్లీషులో చెప్పుకోలేను. పైగా రూమ్మేట్ ఎప్పుడూ పక్కనే ఉంటుంది, ఇంట్లోవాళ్లకి ఇప్పుడే తెలియకూడదు. ఎలా ఎంచుకోవాలో చెప్పండి.

గోదారిగట్టు:
యాప్ సంగతి తర్వాత చెల్లీ, ముందు అందులో నీతో మాట్లాడేది ఎవరో చూడు. క్లినికల్ సైకాలజిస్ట్ అని పెట్టుకున్నవాళ్లకి ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాది. నంబరు అడుగు, మొహమాటం వద్దు, సరైనవాళ్లయితే అడిగినందుకు ఏమీ అనుకోరు. కౌన్సెలింగ్ సైకాలజీలో ఎంఏ, ఎంఎస్సీ చేసినవాళ్లకి ఆ నంబరు లేకపోవచ్చు, అంతమాత్రాన తీసిపారేయక్కర్లేదు గానీ ఎక్కడ చదివారు, ఎవరి దగ్గర శిక్షణ పొందారు, దడ, భయాలున్నవాళ్లని ఇంతకుముందు చూశారా అని అడగాలి. లైఫ్ కోచ్ అని మాత్రమే ఉంటే దూరంగా ఉండు. మందులు అవసరమైతే అవి రాయాల్సింది సైకియాట్రిస్ట్, అంటే డాక్టరు. ఇంకో మాట, ఒకసారి మామూలు డాక్టర్ దగ్గర థైరాయిడ్ కూడా చూపించుకో, అది ఎక్కువగా పనిచేసినా దడ, నిద్ర పట్టకపోవడం ఉంటాయి.

ప్యాకేజీ మాత్రం ఇప్పుడే కొనకు. ఒక్క సెషన్‌కి కట్టి చూడు.

ఓరుగల్లు_అక్క:
పైన చెప్పింది నిజం. ప్రొఫైల్‌లో తెలుగు అని రాసి ఉన్నా, మొదలుపెట్టాక రెండు మాటలు తెలుగు, మిగతాదంతా ఇంగ్లీషు అయ్యేవాళ్లున్నారు. బుక్ చేసేముందు ఐదు నిమిషాలు ఫోన్‌లో మాట్లాడతారా అని అడుగు, అప్పుడే తెలిసిపోతుంది. నేను మొదట వెళ్లినావిడ, పెళ్లి చేసుకుంటే అన్నీ సర్దుకుంటాయమ్మా అంది, మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు చూస్తున్నావిడ, మేనేజర్ పిలిచిన ప్రతిసారీ ఆ క్షణంలో నేనేం ఊహించుకున్నానో ఒకవైపు, తర్వాత నిజంగా ఏం జరిగిందో ఇంకోవైపు నోట్‌బుక్‌లో రాయించేది, వచ్చే వారం ఆ పేజీ ముందు పెట్టుకునే మాట్లాడుకునేవాళ్లం. అలా పని జరగాలి, ఊరికే విని పంపేస్తే సరిపోదు. మూడు నాలుగు సెషన్లయినా మనసు విప్పలేకపోతే మనిషిని మార్చు, అందులో తప్పేం లేదు.

గోప్యత గురించి: అమెరికాలో బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ థెరపీ సంస్థ, యూజర్ల వివరాల్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివాటికి ఇచ్చిందన్న ఫిర్యాదుపై 2023లో అక్కడి ఎఫ్‌టీసీ, అంటే వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ, 78 లక్షల డాలర్లు కట్టించింది. అందుకే యాప్ ప్రశ్నావళి నింపేముందు ప్రైవసీ పేజీ చదువు, వేరే ఈమెయిల్ వాడు. నాన్నగారికి స్టేట్‌మెంట్ వెళ్లే అకౌంట్ నుంచి కట్టకు.

నిద్రరాని_నైట్‌షిఫ్ట్:
డబ్బు ఇబ్బందైతే, లేదా మంచివాళ్లు దొరికేలోపు టెలీమానస్‌కి ఫోన్ చెయ్యండి, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వానిది, 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అవసరమైతే సైకియాట్రిస్ట్‌కి కలుపుతారు. ప్రతి వారం ఒకే మనిషితో సాగే థెరపీకి అది బదులు కాదు గానీ, రాత్రి తట్టుకోలేనప్పుడు ఫోన్ ఎత్తే మనిషి ఉండటం చాలా పెద్ద విషయం. చచ్చిపోవాలనిపించే ఆలోచనలు వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, అప్పుడే చెయ్యండి.

పుణె_పీజీ:
చాలా థ్యాంక్స్ అండీ. అలాంటి ఆలోచనలు లేవు. మరి రూమ్మేట్ సంగతి? చాట్ తీసుకుంటే సరిపోతుందా?

ఓరుగల్లు_అక్క:
నీలాంటి సమస్యకి మాట్లాడటమే మంచిది, ఏడుపొస్తే అవతలివాళ్లకి తెలియాలి కదా. వీడియో కుదరకపోతే ఆడియో చాలు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మేడ మీదకెళ్లు, లేదా రూమ్మేట్ ఆఫీసులో ఉండే టైమ్‌కి స్లాట్ అడుగు. మొదటి సెషన్‌లోనే చెప్పు, పక్కకి ఎవరైనా వస్తే మాట మారుస్తానని. వాళ్లకి ఇది అలవాటే.