‘దో’ పెట్టినా ‘బట్’ పోవడం లేదు

బుధవారపేట నాన్న (కర్నూలు): మా పాప పదో తరగతి. కాంపౌండ్ సెంటెన్స్‌ను కాంప్లెక్స్‌గా మార్చమంటే ముందు ‘దో’ (though) పెడుతుంది, మధ్యలో ‘బట్’ను అట్లే ఉంచేస్తుంది. రాత్రి నాలుగు సార్లు చెప్పినా అదే తప్పు. మీ ఇళ్లలో ఎట్లా నేర్పించారు?

అనంత ట్యూషన్: ముందు తెలుగులో అడగండి సార్. ‘వాన పడింది, కానీ శెనక్కాయ ఎండిపోయింది.’ రెండు ముక్కలూ వేటికవే నిలబడతాయి, అది కాంపౌండ్. ‘వాన పడినా’ అని ఆపేయమనండి. ‘పడినా? అయితే ఏమైంది?’ అని తనే అడుగుతుంది. అట్లా వేలాడే ముక్కే సబార్డినేట్ క్లాజ్, అది ఉన్న వాక్యమే కాంప్లెక్స్. ‘దో’ అంటే ఆ ‘-నా’నే. ‘-నా’ వచ్చాక ‘కానీ’తో పని లేదు.

కడప కారం దోసె: పనెందుకు లేదు మేడమ్? ‘వాన పడినా గానీ’ అని మనమందరం అంటాం కదా!

అనంత ట్యూషన్: దొరికిపోయాను! పిల్లలకు ఆ తప్పు అక్కడి నుంచే వస్తోందేమో. ఇంగ్లీషులో మాత్రం కుదరదు. కావాలంటే ‘దో’కు తోడు ‘యెట్’ రావచ్చు, ‘బట్’ రాకూడదు.

డీఎస్సీ పక్షి: నేను మాక్ టెస్టులో ‘ఇన్ స్పైట్ ఆఫ్ ద రెయిన్’ అని రాసి మార్కు పోగొట్టుకున్నా. అందులో క్రియే లేదు కాబట్టి అది సింపుల్ సెంటెన్స్ అయిపోతుందట. ఇంకోటి, ‘రన్, ఆర్ యూ విల్ మిస్ ద బస్’కు ‘అన్‌లెస్ యూ డోంట్ రన్’ అని రాశా. ‘అన్‌లెస్’లోనే ‘కాకపోతే’ ఉంది, మళ్లీ ‘డోంట్’ పెడితే పరిగెత్తినోడికే బస్సు తప్పిపోతుంది! ‘అన్‌లెస్ యూ రన్’ చాలు.

కడప కారం దోసె: ‘అండ్’ ఉంటేనో? మా వాడు అన్నిటికీ ‘వెన్’ పెట్టేస్తున్నాడు.

అనంత ట్యూషన్: దానికి ఒకే మందు లేదు, అర్థం చూసుకోవాల్సిందే. ‘రన్ అండ్ యూ విల్ క్యాచ్ ద బస్’ షరతు, కాబట్టి ‘ఇఫ్ యూ రన్’. ‘హీ ఏట్ అండ్ వెంట్ టు బెడ్’లో ఒకదాని తర్వాత ఒకటి, ‘ఆఫ్టర్ హీ ఏట్’.

బుధవారపేట నాన్న (కర్నూలు): ‘బట్’ కొట్టేసింది మేడమ్, థాంక్స్. ఇప్పుడు ‘సో’ ఉన్న వాక్యానికి ముందు ‘బికాజ్’ పెట్టి, ‘సో’ను వదలట్లేదు. తెలుగులో ‘ఆకలేసింది కాబట్టి తిన్నా’ అని చెప్పి చూశా. ‘అందులో కాబట్టి అంటే బికాజా, సోనా నాన్నా?’ అంది. ఏం చెప్పమంటారు?